కల్వర్టు దాటని జోజమ్మ

భద్రాచలం వంతెన దాటి పర్ణశాల వైపు పోతుంటే, చింతవాగు గుంపు అనే చిన్న ఊరికి మలుపు తిరిగేచోట వాగు మీద ఒక కల్వర్టు వస్తుంది. ఏడేళ్లు జోజమ్మ ఆ కల్వర్టు దాటలేదు. ఏటా మా వ్యాన్ అక్కడ ఆగేది. ఆమె దిగి, కల్వర్టు గోడ మీద పాత పేపరు పరుచుకుని కూర్చునేది. నేనొక్కణ్ణే పెట్టెలతో ఊళ్లోకి పోయేవాణ్ణి. ఆమె ఎందుకు దాటదో ఆ గుంపులో చిన్నపిల్లలను అడిగినా చెప్పేవాళ్లు. అసలు దాటకూడనిది నేనని మాత్రం ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిసింది మా ఇద్దరికే, నాకూ జోజమ్మకూ.

నా పేరు సుకుమార్. మాది ఏన్కూరు పక్క. పదేళ్లు బొగ్గు టిప్పర్ తోలి నడుం పోగొట్టుకున్నాక, మా పాస్టరుగారు ఒక మాట చెబితే కొత్తగూడెంలో ఒక ట్రస్టువాళ్ల ప్రకృతి మ్యూజియంలో వ్యాన్ డ్రైవరుగా చేరాను. డ్రైవరంటే స్టీరింగు పట్టుకునేవాడు. ఈ ముక్క అక్కడ రోజుకు పదిసార్లు చెప్పేవాణ్ణి, ఒక్కరూ చెవిన పెట్టేవాళ్లు కాదు. పెట్టెలు మోయి, అద్దాలు తుడువు, ఎలుగుబంటి బొమ్మ మీద దుమ్ము దులుపు. నా కోపానికి అక్కడ చాలా మేత ఉండేది.

మ్యూజియమంటే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు హాళ్లు. గడ్డి కూరిన ఎలుగుబంటి, సీసాలో కొండచిలువ, గద్దలు, గుడ్లగూబలు, రాళ్లు. డైరెక్టరు హరిప్రసాద్ సారు, కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు వస్తువు ముఖ్యం, రిజిస్టరు అంతకంటే ముఖ్యం. ఆ వస్తువుల్ని పిల్లల దగ్గరికి తీసుకుపోయేది జోజమ్మ. బళ్లకు ప్రోగ్రాములు, రెండో శనివారం కుటుంబాలకు ప్రోగ్రాములు, అన్నీ ఆమెవే. రెండో శనివారం షిఫ్టు దిగిన కార్మికులు స్నానం చేసి, తల దువ్వుకుని, పెళ్లాం పిల్లలతో వచ్చేవాళ్లు. అందరినీ చాపల మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, చేతిలో ఒక వస్తువు పెట్టేది. ఏందో చెప్పమనేది. ఇంత ఎత్తు మనుషులు పాము కుబుసం చేతిలో పడగానే ఎగిరి గంతేస్తుంటే వాళ్ల పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు.

ఆమె మొదట చేతిలో పెట్టేది ఎప్పుడూ ఒకటే, ఒక నల్ల పలకరాయి. జోజమ్మ తండ్రి గనిలో పనిచేసేవాడు. గని కప్పు నుంచి ఊడిపడిన ఆ రాయిని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. దాని మీద ఒక ఆకు అచ్చు, ఈనెలతో సహా. "మీ నాయినలు తవ్వే బొగ్గు ఒకప్పుడు అడవి" అని చెప్పేది. తండ్రుల వైపు చూస్తూ చెప్పేది. ఆ మాటతో గని పనివాళ్లు తలెత్తి కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. మా మ్యూజియంలో 'తాకరాదు' అన్న బోర్డు లేని బల్ల ఆమెదొక్కటే.

పెళ్లి చేసుకోలేదు. ముసలి తల్లి, ఆదివారం పూజ, ఈ పెట్టెలు, అంతే ఆమె లోకం. నాకంటే నాలుగేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేవాణ్ణి, అక్క మీద విసుక్కున్నట్టే విసుక్కునేవాణ్ణి.

రెండువేల ఒకటిలో ఆమె ఒక కొత్త ప్రోగ్రాం పెట్టింది. అడవి ఊళ్ల బళ్లకు పోవడం, ఒక పూట మా వస్తువులు చూపించడం, వచ్చే నెల మళ్లీ వచ్చేసరికి పిల్లలను ఇంటి నుంచి ఒక అడవి వస్తువు తెమ్మనడం. తెచ్చిన ప్రతిదానికీ ఒక కార్డు, దాని మీద ఆ పిల్ల పేరు, తరగతి, ఊరు. మంచివి మ్యూజియంలో పెడతాం. "టౌనుల నా పేరు ఉంటదా మేడమ్?" అని పిల్లలు అడిగేవాళ్లు. ఉంటదనేది. ముళ్లపంది ముళ్లు తెచ్చారు, తేనెపట్టు ముక్కలు తెచ్చారు, గిజిగాడి గూళ్లు తెచ్చారు. వంక పెట్టలేని ప్రోగ్రాం. నేను కూడా మెచ్చుకున్నాను, పైకి అనలేదు గానీ.

చింతవాగు గుంపు కోయల ఊరు. అక్కడ ఆరో తరగతి చదివే సోయం జంపక్క అనే పిల్ల ఒక గోనెసంచి ఈడ్చుకుంటూ వచ్చింది. అందులోంచి ఒక జత కొమ్ములు బయటపడ్డాయి. అడవి దున్నవి, నా చేయంత పొడుగు, నున్నగా మెరుస్తున్నాయి. అవి రెండూ ఒక వెదురు బుట్టకు కట్టి ఉన్నాయి. బుట్ట చుట్టూ పాతగుడ్డ, వెనక నెమలి ఈకల కట్ట, లోపలెక్కడో గట్టిగా కట్టిన చిన్న మూట. పండుగకు, పెళ్లికి మగవాళ్లు డోలు కట్టి ఆడేటప్పుడు తలకు పెట్టుకునేదని మాకు తెలియక కాదు. ఎన్నోసార్లు చూశాం. కానీ ఆ రోజు జోజమ్మకు కొమ్ములే కనపడ్డాయి. ఇంత మంచి జత మా మ్యూజియంలో లేదు.

"ఇంట్ల అడిగే తెచ్చినవా బిడ్డా?" అని అడిగింది.

"తాత పర్ణశాల పోయిండు" అంది జంపక్క. అది జవాబు కాదు. అయినా జోజమ్మ కార్డు రాసింది.

హరిప్రసాద్ సారు కొమ్ములు చూసి కళ్లజోడు సవరించుకున్నాడు. బుట్టను వేలితో కూడా ముట్టలేదు. "ఇది ప్రకృతి మ్యూజియమమ్మా, ఆటపాటల మ్యూజియం కాదు. కొమ్ములు ఉంచి ఆ బుట్ట తీసెయ్యి. పురుగుంటే మిగతా వాటికి అంటుకుంటుంది" అన్నాడు. జోజమ్మ ఒక పూటంతా కూర్చుని, ఒక్క ముడి కోయకుండా విప్పింది. బుట్టను పేపర్లో చుట్టి నా చేతికిచ్చింది.

"సుకుమారూ, దీన్ని స్టోరుల పై అరల పెట్టు. మళ్ల పోయినప్పుడు ఆ పిల్లకు ఇచ్చేద్దాం."

ఇక్కడ నేను నిజం చెప్పాలి. ఆ రోజు నేను పొద్దున నాలుగింటికి లేచి వ్యాన్ తోలాను. మధ్యాహ్నం తిండి లేదు. నేను డ్రైవరునా, జీతగాణ్ణా అని ఒళ్లు మండిపోతోంది. స్టోరు నిచ్చెన ఎక్కితే నడుం పట్టేస్తుంది. పేపర్లోంచి ఒక పురుగు బయటికొచ్చి నా మణికట్టు మీద పాకింది. బుట్టలోంచి పొగ వాసన, నూనె వాసన. వెనక పెరట్లో తోటమాలి ఎండుటాకులకు నిప్పు పెట్టి ఉన్నాడు. పోయి అందులో పడేశాను. ఎండిన వెదురు, చిటపటమని క్షణంలో అంటుకుంది. నెమలి ఈకలు కాలిన కంపు కొట్టింది. నేను చేతులు దులుపుకుని టీకి పోయాను. అంతే జరిగింది. ఒక మనిషి కోపంగా ఉండి, నిచ్చెన ఎక్కడానికి బద్ధకించాడు.

మరుసటి ఏడు మేం మళ్లీ పోయేసరికి బళ్లో సగం మంది లేరు. ఎవరి చేతిలోనూ ఒక్క ఈక లేదు. ఆ బడి పద్మావతమ్మ టీచరు జోజమ్మను పక్కకు పిలిచి చెప్పింది. జంపక్కను తాత బడి మాన్పించాడు. ఇంట్లో వస్తువులు ఎత్తుకు రమ్మనే బడి మాకొద్దన్నాడు. పిల్ల మేకల వెంట పోతోంది. ఆ కొమ్ములు ఆ ముసలాయన వాళ్ల తాత వేటలో తెచ్చినవి. ఇప్పుడు వేటా లేదు, దున్నలూ లేవు. ఆ ఇంటివాళ్లు ముందు నిలబడి ఆడితేనే గుంపులో భూమి పండుగ మొదలవుతుంది. కిందటి పండుగకు ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు.

"మరి వచ్చి అడగొచ్చు కద టీచర్?" అంది జోజమ్మ.

"ఏమని అడుగుతడమ్మా? అడవి దున్న కొమ్ములు మావి అంటే ఫారెస్టోళ్లు కేసు పెడతరని భయం. మీరేమో అద్దాల పెట్టెల పెట్టి, ఇంటిపేరుతో సహా కార్డు అంటిచ్చిన్రు."

జోజమ్మ నేరుగా ఆయన ఇంటికి నడిచింది, వెనక నేను. సోయం సింగయ్య వాకిట్లో కూర్చుని చేట అల్లుతున్నాడు. తల ఎత్తలేదు.

"పెద్దయ్యా, మీ కొమ్ములు మా కాడ ఉన్నయి" అంది జోజమ్మ.

"మా ఇంట్ల కొమ్ములు లేవు. ఎన్నడు లేవు" అన్నాడు ఆయన.

తన తాత వస్తువును తనది కాదని ఆ మనిషి చేత అనిపించాం మేము. తిరుగు దారిలో సారపాక దాటాక జోజమ్మ, "మనం దొంగతనం చేసినం సుకుమారూ. కార్డు రాసి మరీ చేసినం" అంది. ఆమెకింకా కొమ్ముల సంగతే తెలుసు, బుట్ట సంగతి తెలియదు.

సారును అడిగింది. రిజిస్టరులో ఎక్కింది, తీయడానికి వీల్లేదన్నాడు. వారం రోజులు ఆయన చుట్టూ తిరిగింది. ఎనిమిదో రోజు తనే రిజిస్టరు తెరిచి, ఎర్ర సిరాతో 'పురుగు పట్టినందున తీసివేయడమైనది' అని రాసి, ఆయన ముందు పెట్టింది. సారు ఆ పంక్తి చదివి, ఆమె వైపు చూడకుండా సంతకం పెట్టాడు. ఆ అబద్ధానికి ఆ ఆదివారం ఫాదర్ దగ్గర తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకుంది. నాతోనే చెప్పింది. ఒక్క పంక్తి అబద్ధానికి మోకాళ్ల మీద నిలబడిన మనిషి ఆమె.

బయలుదేరే ముందు, "స్టోరుల బుట్ట కూడ సంచిల పెట్టినవా?" అని అడిగింది.

చెప్పడానికి అదే సమయం. నా నోరు, "అన్నీ పెట్టిన అక్కా" అంది. అలా ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. గంట తర్వాత బయటపడే అబద్ధం చెప్పేవాణ్ణి ఏమనాలి? దారిలో టైరు పంక్చరైతే బాగుండునని ప్రార్థన చేశాను. అలాంటి ప్రార్థనలు దేవుడు వినడు.

సింగయ్య వాకిట్లో నేను సంచి భుజం మీంచి దింపాను. ఊరంతా చేరింది. జంపక్క మేకల కర్ర పట్టుకుని గోడవారగా నిలబడింది. ముసలాయన కొమ్ములు ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, తుడిచాడు. సంచిలో మళ్లీ చెయ్యి పెట్టాడు. తడిమాడు. సంచి తిరగేసి దులిపాడు.

"బుట్టేది?" అన్నాడు.

జోజమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. తేలు కుట్టిన దొంగనయ్యాను. ఒక మేక అరిచింది, ఎవరో దగ్గారు.

"కొమ్ములు దున్నవి. బుట్ట మా అయ్యలది. దాంట్ల మా వేల్పు మూట ఉండె" అన్నాడు సింగయ్య. గొంతు పెంచలేదు.

"నేనే కాల్చిన పెద్దయ్యా" అంది జోజమ్మ. "పురుగు పట్టిందని తెలవక కాల్చిన. తప్పు నాదే. పిల్లది తప్పేం లేదు."

పెద్దమనుషులు పక్కకు పోయి మాట్లాడుకున్నారు. వచ్చి సింగయ్యే చెప్పాడు. పిల్ల బడికి పోతది. కొమ్ములు తెచ్చినోడు రావచ్చు. కాల్చినామె వాగు దాటొద్దు. అంటే నేను రావచ్చు. జోజమ్మ రాకూడదు. నాకు మంచం వాల్చారు, నీళ్లిచ్చారు. జోజమ్మ చేతులు జోడించి, ఒక్కతే కల్వర్టు దాకా నడిచిపోయింది. నేను ఆ నీళ్లు తాగాను.

వ్యాన్లో అడిగాను. "ఎందుకట్ల చెప్పినవ్ అక్కా?"

"ఆనాడు పెరట్ల ఈకలు కాలిన కంపు ఏందో ఇయ్యాల తెలిసింది. వస్తువు తీస్కున్నది నేను, బుట్ట విప్పింది నేను. అగ్గి ఎవరు పెడితే ఏంది?" అంది. ఇంకా కొంత దూరం పోయాక, "నువ్వు చెప్తవేమో అని కొంచెంసేపు చూసిన" అంది. అంతే. ఆ తర్వాత ఏడేళ్లలో ఆ మాట మళ్లీ ఎత్తలేదు. తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. తిట్టుకు తిట్టు అని కడిగేసుకునేవాణ్ణి.

ఇంటి నుంచి వస్తువులు తెమ్మనే ప్రోగ్రాం ఆపేసింది. మా వస్తువులు చూపించడం ఒక్కటే మిగిలింది. చింతవాగు గుంపులో ఆ ప్రోగ్రాం నేనే చేయాల్సి వచ్చింది. డ్రైవరును నేను, ఆకు అచ్చు రాయి పట్టుకుని పిల్లల ముందు నిలబడేవాణ్ణి. కల్వర్టు దగ్గర జోజమ్మ నాకు పాఠం అప్పజెప్పించుకునేది. "రాయి ముందు చూపియ్యకు, చేతుల పెట్టు. వాళ్లు అడిగేదాంక ఆగు." తిరిగి వచ్చాక ఎవరు ఏం అడిగారో ఒక్కటీ వదలకుండా చెప్పించుకునేది. జంపక్క ఏడు పాసైందా, హాస్టల్లో చేరిందా, పది రాసిందా. ఎండలో ముఖం కమిలిపోయి ఉండేది. ఊళ్లో నాకు ప్రతిసారీ మంచం, నీళ్లు, పోయేటప్పుడు చింతపండు మూట. 'కొమ్ములు తెచ్చినాయన' అని నాకు పేరు పడింది. ఆ చింతపండు మా ఇంట్లో ఎవరినీ వండనిచ్చేవాణ్ణి కాదు, మా ఆవిడకు కారణం చెప్పేవాణ్ణి కాదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను. ఊళ్లో ఎవరైనా అగ్గిపెట్టె అడిగినా ఉలిక్కిపడేవాణ్ణి.

రెండువేల తొమ్మిది మార్చిలో జోజమ్మ ఉద్యోగం మానేయబోతోంది. మోకాళ్లు అరిగిపోయాయి, తల్లి మంచం పట్టింది. ఫిబ్రవరిలో చింతవాగు గుంపుకు ఆఖరి ప్రోగ్రాం. కల్వర్టు దగ్గర పేపరు పరిచి ఇచ్చాను. కూర్చోలేదు. గోడ పట్టుకుని చింతచెట్ల వైపు చూస్తూ నిలబడింది.

"బడికి కొత్త గది కట్టిన్రట గద. ఎట్లుంది?" అని అడిగింది.

"మంచిగనే ఉంది."

"జంపక్క అండ్లనే చెప్తదా?"

జంపక్క ఇంటర్ పాసై, ఆ బళ్లోనే విద్యా వాలంటీరుగా చేరింది. అవునన్నాను. "పోయి రా, ఆలస్యమైతది" అంది. ఇంకేం అనలేదు. ఆమె ఇంకేమైనా అని ఉంటే నేను మళ్లీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణేమో.

ప్రోగ్రాం అయింది. జంపక్కే సగం చెప్పింది, అచ్చం జోజమ్మలాగే, కళ్లు మూయించి, చేతిలో పెట్టి, ఆగి. తర్వాత సింగయ్య పిలుస్తున్నాడని తీసుకుపోయింది. ముసలాయన బాగా వంగిపోయాడు. ఆయన ముందు ఒక కొత్త వెదురు బుట్ట ఉంది. ఇన్నేళ్లూ ఏటా కొంచెం కొంచెంగా అల్లాడట. అడవిలో రాలిన నెమలి ఈకలే ఏరుకొచ్చి కట్టాడట. వేల్పు మూట పెద్దలు కూర్చుని మళ్లీ కట్టించారట. కొమ్ములు బుట్టకు ఆనించి పెట్టి ఉన్నాయి, కట్టడమే మిగిలింది. ఈసారి పండుగకు ఆయన మనవడు ఆడతాడు.

తాడు నా ముందుకు చాపాడు. "మొదటి ముడి నువ్వెయ్యి. కొమ్ములు తెచ్చినోడి చెయ్యి పడాలె" అన్నాడు.

తాడు పట్టుకున్నాను. వెదురు మీద నూనె రాసి ఉంది, అదే వాసన. ముడి వేస్తే ఆ బుట్ట కూడా నా వల్ల పాడవుతుందనిపించింది. తాడు కింద పెట్టాను.

"పెద్దయ్యా, బుట్ట కాల్చింది ఆమె కాదు. నేను. ఆమె దాచిపెట్టమని నాకిచ్చింది. నేను అగ్గిలేసిన. కొమ్ములు తెచ్చింది కూడ నేను కాదు. ఆమెనే కొట్లాడి తెచ్చింది. నేను సంచి మోసిన, అంతే."

జంపక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సింగయ్య నన్ను చూడలేదు. నేల మీద పెట్టిన తాడును చూస్తున్నాడు.

"మూట ఇప్పి చూసినవా?" అని అడిగాడు.

"లేదు."

"చూస్తే కాల్చకపోదువు" అన్నాడు. "ఆమె యాడున్నది?"

"కల్వర్టు కాడ."

"ఏడేండ్లూ ఆడ్నే కూసున్నదా?"

"అవ్."

ముసలాయన కర్ర అందుకుని లేచాడు. జంపక్క రెక్క పట్టుకోబోతే వద్దన్నాడు. వాగు వైపు నడిచాడు. ఆయన వెనక జంపక్క, ఆమె వెనక వాకిట్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే. నేనూ అడుగు వేయబోయాను.

"నువ్వుండు" అన్నాడు సింగయ్య, వెనక్కి తిరక్కుండానే.

ఉన్నాను. వాకిలి ఖాళీ అయిపోయింది. బుట్ట ఒకవైపు, తాడు ఒకవైపు. నాకోసం వాల్చిన మంచం పక్కనే ఉంది, ఏడేళ్లుగా నేను కూర్చున్న మంచమే. చాలాసేపటికి చింతచెట్ల కింద మనుషులు కనపడ్డారు. ముందు ముసలాయన, ఆయన వెనక చెప్పులు చేతిలో పట్టుకుని జోజమ్మ, మోకాళ్ల నొప్పితో మెల్లగా, బడి వైపు చూసుకుంటూ వస్తోంది. కూర్చోమని నాకెవరూ చెప్పలేదు. నేను నిలబడే ఉన్నాను.